క్లాసిక్ 350 హెడ్‌లైట్, టైగర్ లైట్లు: దారిలో పోయిన 1.9 వోల్టుల లెక్క

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2014 మోడల్, యూసీఈ ఇంజన్ (ఇంజన్, గేర్‌బాక్సు ఒకే కేసులో ఉండే రకం). హెడ్‌లైట్లో 12 వోల్టుల 60/55 వాట్ల (హై బీమ్/లో బీమ్) హెచ్4 బల్బు, పైన రెండు పక్కలా టైగర్ లైట్లలో 4 వాట్ల చిన్న బల్బులు. తిరిగేది నల్గొండ–దేవరకొండ రోడ్డు మీద, తెల్లవారకముందు ఒకసారి, పొద్దుపోయాక ఒకసారి. బండాయన అడిగింది ఒక్క మాటలో: "లైటు పసుపుగా, గుడ్డిదీపంలా ఉంది. తెల్లటి ఎల్‌ఈడీ వేసేయండి, టైగర్ లైట్లు కూడా తెల్లగా కావాలి."

ఆ రోడ్డుకు ఎలాంటి వెలుగు కావాలో ముందు చూడాలి. కోతల రోజుల్లో ఎడమ అంచున వడ్లు ఆరబోస్తారు. రాత్రికి కుప్పచేసి, నల్ల పట్టా కప్పి, ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల తారు మీద నల్ల పట్టా! దానికి తోడు వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీలు, రోడ్డు దాటే బర్రెలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16.7 మీటర్లు పోతుంది. కంటికి కనబడి చెయ్యి బ్రేకు పట్టేలోపు ఒకటిన్నర సెకను, అంటే 25 మీటర్లు. పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 20 మీటర్ల పైన. కాబట్టి లో బీమ్‌లో ఎడమ అంచు 50 మీటర్ల దూరం దాకా స్పష్టంగా కనబడాలి. చక్రం ముందు పది మీటర్లలో నేల తెల్లగా మెరిసిపోతే ఈ పని జరగదు. పైగా దగ్గర వెలుగు మరీ ఎక్కువైతే కంటిపాప ముడుచుకుని దూరం ఇంకా చీకటవుతుంది. ఈ కేసులో తీసుకున్న ప్రతి నిర్ణయం ఈ లెక్క మీదే నిలబడింది.

మీటరు పెట్టిన తర్వాతే బల్బు మాట

బల్బు కొనేముందు చేయాల్సిన కొలత ఒకటుంది, పది నిమిషాల పని. ఇంజన్ స్టార్ట్ చేసి, రేసు కాస్త పెంచి స్థిరంగా పట్టుకుని, లైటు వెలుగుతూ ఉండగానే మల్టీమీటరుతో రెండు చోట్ల వోల్టేజి చూడాలి: బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఒకసారి, బల్బు వెనక వైర్లు తగిలే ప్లగ్గులో, అంటే కప్లర్‌లో ఒకసారి. కప్లర్ ఊడదీసి చూస్తే కొలత పనికిరాదు. కరెంటు పారనప్పుడు తుప్పుపట్టిన స్విచ్చు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. బల్బు వెలుగుతున్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఈ బండిలో బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉంటే లో బీమ్ బల్బుకు చేరేది 11.9, హై బీమ్‌కు 11.7. లో బీమ్‌లో పోయిన ఆ 1.9 వోల్టులు ఎక్కడెక్కడ పోతున్నాయో వరసగా వెతికితే: ఇగ్నిషన్ తాళం దగ్గర 0.3, హ్యాండిల్ మీది లైటు స్విచ్చులో 0.5, డిమ్ స్విచ్చులో 0.3, బల్బు కప్లర్‌లో 0.4. మొత్తం ప్లస్ వైపు 1.5. మిగతా 0.4 ఎర్త్ వైపు. ఎర్త్ కొలవడం చాలామంది మరిచిపోతారు. మీటరు ఒక మొన బల్బు ఎర్త్ పిన్నుకు, రెండో మొన బ్యాటరీ మైనస్‌కు పెడితే వచ్చే అంకె సున్నాకు దగ్గరగా ఉండాలి. 0.1 దాటితే ఎర్త్ బాగు చేయాల్సిందే.

1.9 వోల్టులంటే వినడానికి చిన్నదే. హాలోజన్ బల్బు వెలుగు మాత్రం వోల్టేజితో సమానంగా తగ్గదు, దాదాపు 3.4 ఘాతంతో పడిపోతుంది. హెచ్4 బల్బుకు ప్రమాణంగా చెప్పే వెలుగు 13.2 వోల్టుల దగ్గర హై బీమ్‌లో 1650 ల్యూమెన్లు, లో బీమ్‌లో 1000. అదే బల్బుకు 11.9 వోల్టులు అందితే లో బీమ్‌లో మిగిలేది 700 ల్యూమెన్లు. ఫిలమెంటు తగినంత కాగదు కాబట్టి రంగు కూడా పసుపులోకి తిరుగుతుంది. బండాయన "పసుపు" అన్నది నిజమే, దానికి కారణం మాత్రం బల్బు కాదు.

కప్లర్ బయటికి తీస్తే గోధుమరంగుకు మాడి, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ పెళుసెక్కి ఉంది. 4.8 యాంపులు పారేచోట 0.4 వోల్టు పోతోందంటే గుండుసూది తలంత జాగాలో దాదాపు 2 వాట్ల వేడి పుడుతోందన్నమాట. వేడికి పిన్ను స్ప్రింగుతనం పోతుంది, పట్టు సడలుతుంది, సడలితే వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగని జబ్బు ఇది.

మాడడానికి మూలం డూమ్‌లో, అంటే రిఫ్లెక్టర్, ముందు అద్దం కలిసిన హెడ్‌లైట్ గిన్నెలో దొరికింది. ఇప్పుడున్నది 60/55 అయినా, అంతకుముందు 100/90 వాట్ల బల్బు వేసి తీసేసిన గుర్తులున్నాయి: బల్బుకు నేరుగా పైన రిఫ్లెక్టర్ వెండిపూత మసకబారి, అరచేతి సగమంత మేర పొక్కులు లేచింది. వెనక రబ్బరు బూటు లేదు. దుమ్ము, వాన చెమ్మ నేరుగా లోపలికి పోయాయి. ఈ వైరింగ్‌లో ఉన్న నిరోధం 1.9 ని 4.8 తో భాగిస్తే 0.4 ఓమ్. 90 వాట్ల ఫిలమెంటు 7 యాంపులు లాగితే 2.8 వోల్టులు దారిలోనే పోయి, బల్బుకు 11 వోల్టులే మిగులుతాయి. అంటే దాని వెలుగులో సగం మాత్రమే రోడ్డు మీద పడుతుంది. వైర్లలో, స్విచ్చుల్లో పుట్టే వేడి మాత్రం 9 వాట్ల నుంచి 20 వాట్లకు పెరుగుతుంది. పెద్ద బల్బు పెట్టి వెలుగు కొనుక్కున్నామనుకున్నవాళ్లు నిజానికి కప్లర్‌ను, రిఫ్లెక్టర్‌ను, హ్యాండిల్ స్విచ్చును కాల్చుకున్నారు. 100/90 బల్బును మామూలు వైరింగ్ మీద వేయడం తప్పని నిర్మొహమాటంగా చెప్పాల్సిందే.

పని వరస

నాలుగు పనులు తేలాయి: రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి తీసే స్విచ్చు) వైరింగ్, కొత్త డూమ్, బల్బు, ఏయిమింగ్ (వెలుగు పడే ఎత్తు సరిచేయడం). టైగర్ లైట్లు వేరే. ఒక్కో పని తర్వాత గోడ మీద వెలుగు కొలిచే లక్స్ మీటరు పెట్టి కొలిచి రాసుకుంటేనే ఏది ఎంత ఇచ్చిందో తెలుస్తుంది. అన్నీ ఒకేసారి మార్చేస్తే పేరు కొత్త బల్బుకే పోతుంది. కొలత కోసం బండిని గోడకు 10 మీటర్ల దూరంలో నిలిపి, లో బీమ్ వేసి రెండు చోట్ల చూశాం. ఒకటి వెలుగు గీతకు (పైన చీకటి, కింద వెలుగు విడిపోయే అంచుకు) కింద అన్నిటికంటే ప్రకాశంగా ఉన్న చోటు, రెండోది ఎదురొచ్చే మనిషి కళ్లుండే ఎత్తు. మొదట్లో వచ్చిన అంకెలు 52 లక్స్, 2.1 లక్స్. ఈ రెండు అంకెల్లో మొదటిది పెరగాలి, రెండోది పెరగకూడదు.

రిలే వైరింగ్. సామాను: 12 వోల్టుల 30 యాంపుల రిలేలు రెండు, సాకెట్లతో. నీళ్లు చొరబడని మూతున్న బ్లేడ్ ఫ్యూజు హోల్డర్ ఒకటి, 15 యాంపుల ఫ్యూజుతో. 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్నపోగుల రాగి వైరు, ఎరుపు, నలుపు, ఇంకో రెండు రంగుల్లో, మొత్తం 6 మీటర్లు. కొత్త హెచ్4 హోల్డర్, పింగాణీది. వైర్లకు పైన వేసే స్లీవు, హీట్ ష్రింక్ ట్యూబు, రాగి లగ్గులు.

కలిపే తీరు సులువే. బ్యాటరీ ప్లస్ నుంచి ఎర్ర వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు, అక్కడి నుంచి రెండు రిలేల 30 నంబరు పిన్నులకు. ఒక రిలే 87 నుంచి కొత్త హోల్డర్లోని లో బీమ్‌కు, రెండో రిలే 87 నుంచి హై బీమ్‌కు. పాత కప్లర్‌కు వచ్చే లో, హై వైర్లు ఇక బల్బును మోయవు, చెరో రిలే 86 పిన్నుకు సంకేతం మాత్రం ఇస్తాయి. 85 రెండూ ఎర్త్‌కు. కొత్త హోల్డర్ ఎర్త్ వైరును హెడ్‌లైట్ కేసింగ్‌కు బిగించి వదిలేయకుండా నేరుగా బ్యాటరీ మైనస్ దాకా తీసుకెళ్లాలి. కప్లర్‌లో ఏది లో, ఏది హై, ఏది ఎర్త్ అనేది వైరు రంగు చూసి నమ్మకుండా మీటరుతో చూసుకుని టేపు మీద రాసి అంటించాలి. పదేళ్ల బండిలో వైర్లు ఎవరెవరు ఎలా కలిపారో చెప్పలేం.

ఫ్యూజు 10 కాకుండా 15 ఎందుకంటే, పాస్ బటన్ నొక్కినప్పుడు లో, హై రెండు ఫిలమెంట్లూ ఒకేసారి వెలుగుతాయి. 60, 55 అన్నవి పేరుకు రాసే అంకెలు. 13.2 వోల్టుల దగ్గర ప్రమాణం ప్రకారం అవి 75, 68 వాట్ల దాకా లాగవచ్చు. రెండూ కలిస్తే 10 యాంపులు దాటుతుంది. 10 ఫ్యూజు వేస్తే సరిగ్గా ఓవర్‌టేక్ చేసే సమయంలో దారి మొత్తం చీకటైపోతుంది. 1.5 వైరు 15 యాంపుల ఫ్యూజును తట్టుకుంటుంది, అంతకు మించి 20, 30 వేయకూడదు. వైరు ఎక్కడైనా ఒరుసుకుని ఎర్త్ అయితే ఫ్యూజు పోవాలి, వైరు కాలకూడదు.

రిలేల్లో కాయిల్‌కు అడ్డంగా డయోడు (కరెంటును ఒకవైపే పోనిచ్చేది) ఉన్నవి, లేనివి రెండూ దొరుకుతాయి. డయోడు ఉన్నదానికి 86 ప్లస్, 85 ఎర్త్ అన్నది తప్పకూడదు. తిరగేస్తే డయోడు షార్టయి సంకేతం ఇచ్చే వైరుకున్న ఫ్యూజు పోతుంది. ఇంకో తప్పు తరచూ జరిగేది: 86 ను స్విచ్చు వైరుకు కాకుండా బ్యాటరీ ప్లస్‌కే కలపడం. అలా కలిపితే తాళం తీసినా రిలే పట్టుకునే ఉంటుంది, లైటు ఆరదు, పొద్దున్నే బ్యాటరీ ఖాళీ.

క్లాసిక్ కేసింగ్ లోపల ఇప్పటికే తాళం, మీటర్ల వైర్లు కిక్కిరిసి ఉంటాయి. రిలేలను అందులో కుక్కితే హ్యాండిల్ తిప్పినప్పుడు నలుగుతాయి. ట్యాంకు కింద ఫ్రేమ్ పైపు పక్కన రబ్బరు ముక్క వేసి, పిన్నులు కిందికి చూసేలా కట్టడం మేలు. పిన్నులు పైకి ఉంటే సాకెట్ గిన్నెలా నీళ్లు పడుతుంది. ఫ్రేమ్ నుంచి కేసింగ్‌లోకి వెళ్లేచోట హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూసి, రెండువైపులా వైరు బిగుసుకోనంత వదులు వదిలి అప్పుడే కేబుల్ టైలు కట్టాలి.

ఈ ఒక్క పని తర్వాత, పాత బల్బే ఉండగా, బ్యాటరీ దగ్గర 13.8, బల్బు దగ్గర 13.5 వోల్టులు. గోడ మీద 52 లక్స్ 79 అయింది. బల్బు మారలేదు, డూమ్ మారలేదు, వెలుగు ఒకటిన్నర రెట్లయింది. రంగు కూడా పసుపు తగ్గి తెల్లబడింది. బండాయన ఇక్కడే "బల్బు మార్చారా?" అని అడిగారు. హ్యాండిల్ స్విచ్చుకు కూడా ఊపిరి వచ్చింది. అది మోయాల్సింది ఇప్పుడు 5 యాంపులు కాదు, రిలే కాయిల్ లాగే 0.15 యాంపు మాత్రమే. అయితే ఎదుటివాళ్ల కళ్ల మీద పడేది కూడా 2.1 నుంచి 3.2 కు పెరిగింది. చెడిపోయిన రిఫ్లెక్టర్ వెలుగును అన్ని దిక్కులా చిమ్ముతోంది. కాబట్టి పని ఇక్కడితో ఆపేయడానికి లేదు.

డూమ్. రిఫ్లెక్టర్ లోపలి వెండిరంగు అల్యూమినియం ఆవిరి పూత, వెంట్రుకలో ఎన్నో వంతు మందం. మసకబారిందని బనీను గుడ్డతో తుడిస్తే పూతే వచ్చేస్తుంది. దుమ్ము మాత్రమే ఉంటే గాలి కొట్టి వదిలేయాలి, పొక్కులు లేస్తే మార్చడమే. మార్చేటప్పుడు చూడాల్సింది ఒకటుంది. మనది ఎడమవైపు నడిచే దేశం. మన డూమ్‌లు లో బీమ్ వెలుగును ఎడమవైపు కాస్త పైకి ఎత్తుతాయి, ఆ ఎత్తిన భాగమే వడ్ల కుప్పను ముందుగా చూపిస్తుంది. అమెరికా నుంచో యూరప్ నుంచో చుట్టాలు తెచ్చిన అందమైన హెడ్‌లైట్ యూనిట్లు కుడివైపుకు ఎత్తుతాయి, అంటే సూటిగా ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి. హెచ్4 బల్బు ఎక్కడిదైనా ఒకటే, డూమ్ మాత్రం ఇక్కడిదే కావాలి. కొత్త డూమ్, కొత్త రబ్బరు బూటు వేశాక గోడ మీద 112 లక్స్, కంటి ఎత్తులో 1.4. వెలుగు పెరిగి, ఎదుటివారి ఇబ్బంది తగ్గింది.

బల్బు. ఇప్పుడు తెలుపు సంగతి. వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ తెలుపు, ఆపైన నీలం. మామూలు హాలోజన్ వెలుగు 3200 కెల్విన్ చుట్టూ ఉంటుంది. 5000 కెల్విన్ అని రాసి అమ్మే హాలోజన్ల గాజు మీద నీలం పూత ఉంటుంది. ఆ పూత పసుపు, ఎరుపు వెలుగును మింగేసి మిగతాది బయటికి వదులుతుంది. కొత్త వెలుగు పుట్టించదు. పోయినదాన్ని పూడ్చడానికి ఫిలమెంటును ఎక్కువ వేడి చేస్తారు కాబట్టి అది త్వరగా తెగుతుంది. చూపుకు తెల్లగా ఉన్నా రోడ్డు మీద కొలిస్తే తక్కువే. వానలో, తెల్లవారుజామున మంచులో నీలం పాలు ఎక్కువున్న వెలుగు ముందు తెరలా కట్టేస్తుంది. తడిసిన తారు ఆ వెలుగును మింగేసినట్టు ఉంటుంది.

పూత లేని, లేదా కొనదగ్గర సన్నని నీలం పట్టీ మాత్రమే ఉన్న "ప్లస్" రకం 60/55 బల్బులు దారి తప్పని ఎంపిక. వాటి పెట్టెల మీద 100 శాతం, 130 శాతం అని ఉండే అంకెలు బల్బు మొత్తం వెలుగుకు చెందినవి కావు, బీమ్‌లో కొన్ని బిందువుల దగ్గర కొలిచినవి. వాట్లు, ల్యూమెన్లు ప్రమాణం దాటవు. ఫిలమెంటును సన్నగా, బిగువుగా, కచ్చితమైన చోట కూర్చడం వల్ల వెలుగు చెదరకుండా ఒకచోట పడుతుంది. మూల్యం ఆయుష్షు. 13.5 వోల్టులు అందే ఈ బండిలో ఏ హాలోజన్ అయినా 13.2 దగ్గర ఉండాల్సిన ఆయుష్షులో పావు వంతు కోల్పోతుంది, ఈ రకం ఇంకా త్వరగా పోతుంది. అందుకే సీటు కింద ఒక మామూలు 60/55 బల్బు గుడ్డలో చుట్టి ఉంచాలి. ఈ రకం బల్బుతో గోడ మీద 138 లక్స్, కంటి ఎత్తులో 1.7.

బిగించేటప్పుడు గాజును వేళ్లతో ముట్టకూడదు. చేతి జిడ్డు అంటినచోట గాజు కాలి మచ్చపడి పగులుతుంది. అంటితే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. బల్బు కాలరుకు మూడు చెవులుంటాయి, వెడల్పుది పైకి రావాలి. లో బీమ్ ఫిలమెంటు కింద ఉన్న చిన్న లోహపు దొప్పే వెలుగు గీతను తయారు చేస్తుంది. బల్బు కాస్త పక్కకు తిరిగి కూర్చున్నా ఆ గీత వంకరపోతుంది.

చిన్న బండ్లలో ఉండే హెచ్ఎస్1 బల్బు, 35/35 వాట్లది, చూడ్డానికి హెచ్4 లాగే ఉంటుంది, చెవుల అమరిక మాత్రం వేరు. చెవులు అరగదీసి 60/55 దూర్చేవాళ్లున్నారు. ఆ బండ్ల ఛార్జింగ్ అంత మోయలేదు, ఐడ్లింగ్‌లో లైటు మునిగిపోతుంది. పైగా పాత చిన్న బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ బ్యాటరీ నుంచి కాక నేరుగా మాగ్నెట్ ఏసీ కరెంటుతో వెలుగుతుంది. అక్కడ ఈ రిలే పద్ధతి పనిచేయదు, రిలే గిలగిలా కొట్టుకుంటుంది. యూసీఈ క్లాసిక్‌లో హెడ్‌లైట్ డీసీ కాబట్టే ఇదంతా కుదిరింది.

ఎల్‌ఈడీ ఎందుకు వేయలేదు

అడిగింది ఎల్‌ఈడీ కాబట్టి, వద్దనే ముందు అదే డూమ్‌లో ఒక ఎల్‌ఈడీ హెచ్4 బిగించి అదే గోడ మీద కొలిచి చూపించడం న్యాయం. గీత కింద అన్నిటికంటే ప్రకాశమైన చోటు 96 లక్స్, హాలోజన్ కంటే తక్కువ. కంటి ఎత్తులో 9 లక్స్, ఐదు రెట్లకు పైన. చక్రం ముందు నేల మాత్రం పాలపొంగులా తెల్లగా ఉంది. చూసిన వెంటనే అందరూ "ఇదే బాగుంది" అనేది ఆ నేలను చూసే.

కారణం ఆకారంలోనే ఉంది. లో బీమ్ ఫిలమెంటు అయిదున్నర మిల్లీమీటర్ల పొడవున్న సన్నని చుట్ట, చుట్టూ వెలుగు చిమ్ముతుంది. రిఫ్లెక్టర్ వంపును లెక్కగట్టింది సరిగ్గా ఆ చుట్ట ఉండే చోటుకు. ఎల్‌ఈడీ బల్బులో చిప్పులు ఒక పలకకు రెండు వైపులా ఉంటాయి. మధ్యలో పలక మందం, పైకి కిందికి వెలుగు తక్కువ. వెలుగు పుట్టే చోటు మిల్లీమీటరు జరిగినా 50 మీటర్ల దూరంలో అది ఎక్కడో పడుతుంది. చిప్పును అచ్చంగా ఫిలమెంటు కొలతలకు కుదించి చేసినవి లేకపోలేదు. జర్మనీలో 2020 నుంచి అలాంటి కొన్నిటిని, పేరుపెట్టి చెప్పిన వాహనాల మోడళ్లలో మాత్రమే రోడ్డు మీద అనుమతిస్తున్నారు. ఒక్కో డూమ్‌కు విడిగా పరీక్షించాల్సినంత సున్నితమైన సంగతి ఇది. బజార్లో ఏ పేరూ లేని డబ్బాలో దొరికే దానికి ఆ పరీక్ష లేదు. గోడ మీద రెండు గీతలూ పక్కపక్కన చూశాక బండాయన కూడా హాలోజనే ఉంచమన్నారు.

ఏయిమింగ్

సమతలమైన నేల, రెండు టైర్లలో కంపెనీ చెప్పిన గాలి, సీటు మీద రోజూ నడిపే మనిషి. సైడ్ స్టాండ్ మీద పెట్టి సరిచేస్తే లెక్కంతా తప్పు. ఈ బండిలో బల్బు నడిమి ఎత్తు నేల నుంచి 92 సెంటీమీటర్లు. 10 మీటర్ల దూరంలో గోడ మీద 80 సెంటీమీటర్ల ఎత్తున టేపు అంటించి, లో బీమ్ వెలుగు గీత ఆ టేపును తాకేలా డూమ్ ఎత్తు సరిచేశాం. 10 మీటర్లకు 12 సెంటీమీటర్లు దిగుతోంది కాబట్టి గీత నేలను తాకేది 77 మీటర్ల దగ్గర. కావాల్సిన 50 మీటర్లకు సరిపోయి కొంత మిగులుతుంది. వెనక మనిషి కూర్చుంటే వెనక షాకర్లు దిగి గీత పైకి లేస్తుంది. రోజూ ఇద్దరు వెళ్లేవాళ్లు ఇద్దరినీ కూర్చోబెట్టే సరిచేయించుకోవాలి.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన ముందు లైటు కిందికి వంగి ఉండాలని, 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉన్న కంటిని మిరుమిట్లు గొల్పకూడదని చెబుతుంది. వెలుగు ఒకటిన్నర, రెండు రెట్లు చేసి ఏయిమ్ పాతదే వదిలేస్తే ఈ నిబంధన దాటినట్టే. ఎదురొచ్చే ఆటోవాడు రెండు సెకన్లు కళ్లు కనబడక వడ్ల కుప్ప ఎక్కితే, ఆ తప్పు మన లైటుది.

టైగర్ లైట్లు

తెలుపు మీద కోరిక తీర్చుకోవడానికి సరైన చోటు ఇది. ఈ లైట్లు దారి చూపించవు, బండిని ఎదుటివాళ్లకు చూపిస్తాయి. రిఫ్లెక్టర్ లెక్క గొడవ లేదు, ఎల్‌ఈడీ నిక్షేపంగా వేయొచ్చు. బండిలో ఉన్నది బీఏ9ఎస్ హోల్డరు, 9 మిల్లీమీటర్ల మందం, నొక్కి తిప్పి బిగించే రకం. గుచ్చే రకం టీ10 బల్బు ఇందులో పట్టదు, కొనేటప్పుడు పాత బల్బు చేతిలో ఉండాలి. పొడవు కూడా సరిచూసుకోవాలి. కొన్ని ఎల్‌ఈడీలు పొడవెక్కువై అద్దానికి తగులుతాయి, బండి అదురుకు అద్దం చిట్లుతుంది. తెలుపే వేయాలి, నీలం, ఎరుపు ముందువైపు పనికిరావు.

పాత రెండింటికి కలిపి 8 వాట్లు, కొత్తవాటికి ఒకటిన్నర. ఇక్కడ వచ్చిన చిక్కు కుడివైపు లైటు మినుకుమనడం. ఎల్‌ఈడీ చెడ్డదనుకుని మార్చేస్తారు, మార్చినా మినుకుతుంది. ఫిలమెంటు వేడెక్కి ఉంటుంది కాబట్టి కాంటాక్టు సెకనులో వందో వంతు తెగినా వెలుగు ఆరదు, అతుకు లోపాన్ని దాచేస్తుంది. ఎల్‌ఈడీ ప్రతి తెగింపునూ చూపిస్తుంది. ఇక్కడ లోపం హోల్డరు డొప్పలో తుప్పు. నడిమి స్ప్రింగు పిన్నును, డొప్ప లోపలి గోడను సన్న ఎమరీ కాగితంతో గీకి, డొప్పకు విడిగా ఎర్త్ వైరు వేసి, డైఎలక్ట్రిక్ గ్రీజు పూసి బిగిస్తే పోయింది. ఈ లైన్ మీదే వెనక లైటు కూడా ఉంటుంది కాబట్టి పని అయ్యాక ఒకసారి వెనక్కి వెళ్లి అది వెలుగుతోందో లేదో చూడాలి.

తర్వాత తేలినవి

పదో రోజున బండి మళ్లీ వచ్చింది, గుంతల్లో లో బీమ్ ఆరి వెలుగుతోందని. రిలేల 85 ఎర్త్‌ను ఫ్రేమ్ బోల్టుకు ఇచ్చారు, బోల్టు కింద పెయింటు గీకలేదు. పెయింటు మీద కూర్చున్న లగ్గు అదురుకు అప్పుడప్పుడే తగులుతోంది. గీకి, పళ్ల వాషరు వేసి, పైన గ్రీజు పూసి బిగించాక సమస్య మళ్లీ రాలేదు. ఇది పని చేసినవాళ్ల తప్పే. బల్బు ఎర్త్‌ను బ్యాటరీ దాకా తీసుకెళ్లి, కాయిల్ ఎర్త్‌ను పెయింటు మీద వదిలేశారు.

వానాకాలం దాటాక మళ్లీ మీటరు పెడితే బల్బు దగ్గర 13.4. ఒక రిలే సాకెట్లో 87 లగ్గు మీద పచ్చటి చిలుము మొదలైంది, గ్రీజు పూయని లగ్గు అదొక్కటే. శుభ్రం చేసి పూశాక 13.5 కు వచ్చింది. పింగాణీ హోల్డరు రంగు మారలేదు. రబ్బరు బూటు తన చోటే ఉంది, రిఫ్లెక్టర్ మీద దుమ్ము లేదు. ఏయిమ్ మాత్రం 2 సెంటీమీటర్లు పైకి లేచింది, వెనక టైరులో గాలి తగ్గడం వల్ల. గాలి నింపితే గీత మళ్లీ టేపు మీదికి దిగింది, స్క్రూ ముట్టుకోలేదు.